వృత్తంలో కోణాలు, జ్యాలు: కేంద్రం నుంచి గీత గీసి మొదలుపెడదాం

సాయంత్రాలు పదో తరగతి పిల్లలు నలుగురైదుగురు మా ఇంటికి లెక్కలు చెప్పించుకోడానికి వస్తుంటారు. వృత్తాల పాఠం దగ్గరికొచ్చేసరికి అందరి నోట్సుల్లోనూ ఒకటే వరస. మార్జిన్ గీసి, ఎర్ర పెన్నుతో నంబర్లు వేసి, పన్నెండో పదమూడో సిద్ధాంతాలు. అడిగితే గడగడా అప్పజెప్పేస్తారు. బొమ్మ గీసి "ఈ కోణం ఎంత?" అంటే మాత్రం పెన్ను కదలదు. పదమూడింట్లో ఏది వాడాలో తెలియక టెన్షన్.

నన్నడిగితే ఈ పాఠంలో గట్టిగా పట్టుకోవాల్సింది ఒక్కటే. కేంద్రం నుంచి వృత్తం మీద ఏ బిందువుకైనా దూరం ఒకటే. అందుకని కేంద్రం నుంచి రెండు వ్యాసార్థాలు గీసి వాటి చివరలు కలిపితే సమద్విబాహు త్రిభుజం వస్తుంది, దాని భూమి దగ్గరి రెండు కోణాలూ సమానం. మిగతావన్నీ ఇక్కడి నుంచి లాక్కోవచ్చు. ఎలాగో వరసగా చూద్దాం. ఊరికే చదివితే ఇది తలకెక్కదు. పక్కన తెల్లకాగితం, జామెట్రీ బాక్సు పెట్టుకోండి. నేను చెప్పినప్పుడల్లా బొమ్మ మీరే గీయండి.

బిందువులకు క, గ, చ, ట అని తెలుగు అక్షరాలు పెడుతున్నాను. కేంద్రం ఎప్పుడూ ఓ. మీ పుస్తకంలో ఇంగ్లిష్ అక్షరాలుంటాయి, లెక్కలో తేడా ఏమీ రాదు.

మొదటి అడుగు: పేర్లలోనే బొమ్మ ఉంది

వృత్తం మీద రెండు బిందువులను కలిపే గీత జ్యా. ఈ మాటకు సంస్కృతంలో వింటినారి అని అర్థం, మన అల్లెతాడు. చాపం అంటే విల్లు. వంగిన విల్లు, దానికి బిగించిన తాడు: చాపం, జ్యా రెండూ బొమ్మలో సరిగ్గా అలాగే ఉంటాయి. విల్లు నడిమి నుంచి తాడు నడిమికి ఉన్న ఎత్తును మన పాత గణితజ్ఞులు శరం అన్నారు. అంటే బాణం. ఈ శరం పుస్తకాల్లో ఇప్పుడు పెద్దగా కనబడదు గానీ చివర్లో మనకు పని పడుతుంది.

ఒక చిన్న ముచ్చట. ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో సగం జ్యాలతో లెక్కలు కట్టాడు. ఆ అర్ధజ్యాయే ఇప్పటి త్రికోణమితిలో సైన్. జ్యాకు జీవా అనే పేరూ ఉంది. అది అరబ్బుల చేతిలో జీబా అయింది, రాతలో అచ్చులు రాయరు గనక జైబ్ అని చదివారు, దాన్ని లాటిన్‌లోకి మార్చినవాళ్లు సైనస్ అన్నారు. మన చొక్కా జేబు కూడా ఆ జైబే.

జ్యా పొడవు పెరిగి కేంద్రం గుండా పోతే అది వ్యాసం. జ్యా వృత్తాన్ని రెండు ముక్కలు చేస్తుంది: పెద్దది అధిక వృత్తఖండం, చిన్నది అల్ప వృత్తఖండం. "జ్యా ఒక బిందువు దగ్గర చేసే కోణం" అనే మాట పిల్లలను తికమక పెడుతుంది. ఆ బిందువు దగ్గర మీరు నిలబడ్డారనుకోండి. జ్యా ఒక చివర నుంచి రెండో చివర దాకా చూడ్డానికి తల ఎంత తిప్పాలో అదే ఆ కోణం.

రెండో అడుగు: జ్యా మీదికి లంబం

వృత్తం గీసి, కగ అనే జ్యా గీయండి. ఓక, ఓగ కలపండి. ఇప్పుడు ఓ నుంచి కగ మీదికి లంబం దించండి, అది తాకిన చోటు మ. ఓకమ, ఓగమ రెండూ లంబకోణ త్రిభుజాలే. వాటి కర్ణాలు ఓక, ఓగ సమానం, ఓమ రెండింటికీ ఉమ్మడి. లంబకోణం-కర్ణం-భుజం నియమంతో రెండు త్రిభుజాలూ సర్వసమానం. కాబట్టి కమ, మగ సమానం. కేంద్రం నుంచి జ్యాకు గీసిన లంబం జ్యాను సమద్విఖండన చేస్తుందన్న సిద్ధాంతం వచ్చేసింది.

లెక్క: వ్యాసార్థం 13 సెం.మీ., జ్యా 24 సెం.మీ. కేంద్రం నుంచి జ్యా ఎంత దూరం? సగం జ్యా 12. 13 వర్గం 169, 12 వర్గం 144, తేడా 25. దూరం 5 సెం.మీ. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, 24ను సగం చేయకుండా పైథాగరస్‌లో పెట్టేయడం. అలా పెడితే కర్ణం కన్నా భుజం పెద్దదవుతుంది. అక్కడే అనుమానం రావాలి.

సమాన జ్యాలు కేంద్రానికి సమాన దూరంలో ఉంటాయన్నది కూడా ఈ త్రిభుజంతోనే తేలుతుంది. కర్ణం మారదు, సగం జ్యా మారకపోతే మూడో భుజమూ మారదు. విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు.

దీన్లో పరీక్షల వాళ్లకు ఇష్టమైన మెలిక ఒకటుంది. వ్యాసార్థం 5 సెం.మీ. ఉన్న వృత్తంలో 6, 8 సెం.మీ. సమాంతర జ్యాలు. వాటి మధ్య దూరం? మొదటిది కేంద్రం నుంచి 4 సెం.మీ., రెండోది 3 సెం.మీ. చాలామంది 7 అని రాసి ఊరుకుంటారు. జ్యాలు కేంద్రానికి చెరో పక్క ఉంటేనే 7, రెండూ ఒకే పక్క ఉంటే 1. ప్రశ్నలో ఏ పక్కో చెప్పకపోతే రెండు జవాబులూ రాయాలి.

మూడో అడుగు: కేంద్రం దగ్గరి కోణం రెట్టింపు

పాఠానికి గుండెకాయ ఇదే. ఇక్కడ తొందరపడకండి.

కాస్త పెద్ద వృత్తం గీయండి. కింద పక్క క, గ అనే రెండు బిందువులు, పైన చ అనే బిందువు పెట్టండి. చక, చగ కలపండి. ఓక, ఓగ కూడా కలపండి. ఒకే చాపం కగ మీద ఇప్పుడు రెండు కోణాలున్నాయి: చ దగ్గర ఒకటి, కేంద్రం దగ్గర ఒకటి.

చ నుంచి ఓ గుండా గీత గీసి కిందికి పొడిగించండి, దాని చివర ట. ఈ ఒక్క గీతే అంతా తేల్చేస్తుంది. ఓచక త్రిభుజం చూడండి. ఓచ, ఓక వ్యాసార్థాలు. కాబట్టి చ దగ్గరి కోణం, క దగ్గరి కోణం సమానం. అది 25° అనుకుందాం. ఓ దగ్గర బయటికి ఉన్న ∠కఓట ఆ త్రిభుజానికి బాహ్యకోణం, అంటే 25 + 25 = 50°. రెండో పక్క ఓచగ త్రిభుజంలోనూ ఇదే కథ. చ దగ్గర 30° ఉంటే ∠గఓట 60°. ఇప్పుడు కలపండి. చ దగ్గర మొత్తం 55°, కేంద్రం దగ్గర మొత్తం 110°. 25, 30 బదులు మీకు నచ్చిన సంఖ్యలు వేసి చూడండి, రెట్టింపు తప్పదు.

చ ను మరీ పక్కకు జరిపితే ఓ ఆ కోణం బయట పడుతుంది. అప్పుడు కూడిక బదులు తీసివేత వస్తుంది, అంతే. కోణమానితో కొలిచి చూసుకుంటే నమ్మకం కుదురుతుంది. ఒక డిగ్రీ అటూఇటూ వస్తే మీ పెన్సిల్ మొనదే తప్పు.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. ∠కఓగ 100° అని ఇచ్చి, చ ను కింద ఉన్న అల్ప చాపం మీద పెట్టి ∠కచగ అడుగుతారు. సగం చేసి 50° అనేస్తే తప్పు. బొమ్మ చూడండి, చ దగ్గర కోణం 90° కన్నా ఎక్కువగా విచ్చుకుని ఉంది. నేను పిల్లలకు చెప్పే మాట: కోణం నోరు ఎటు తెరిచిందో చూడండి, ఆ నోట్లో పడే చాపమే మనకు కావాలి. చ కింద ఉంటే దాని నోరు పైకి తెరుచుకుంటుంది. నోట్లో పడేది పైనున్న అధిక చాపం. అది కేంద్రం దగ్గర చేసేది 360 − 100 = 260°. సగం 130°. ఈ నోటి సంగతి అలవాటైతే ఈ పాఠంలో సగం తప్పులు పోతాయి.

నాలుగో అడుగు: దీని పిల్లలు

యూక్లిడ్ తన ఎలిమెంట్స్ మూడో పుస్తకంలో ఈ రెట్టింపు సంగతిని 20వ ప్రతిపాదనగా పెట్టాడు. ఆ వెంటనే 21 ఒకే వృత్తఖండంలోని కోణాలు, 22 చక్రీయ చతుర్భుజం. కాస్త ముందుకెళ్తే 31 అర్ధవృత్తంలో కోణం. ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి వస్తుంది. మన నోట్సుల్లో మాత్రం అన్నీ విడివిడిగా ఉంటాయి.

ఒకే వృత్తఖండంలోని కోణాలు ఎందుకు సమానం? చ ను అధిక చాపం మీద ఎక్కడ పెట్టినా దాని నోట్లో పడేది అదే చాపం, కాబట్టి కేంద్రం దగ్గరి అదే కోణంలో సగం. ఇంకేం నిరూపణ అక్కర్లేదు.

జ్యా వ్యాసమే అయితే కేంద్రం దగ్గర 180°, దాంట్లో సగం 90°. అందుకే అర్ధవృత్తంలోని కోణం లంబకోణం. దీన్ని చేతితో చూడాలంటే వంటింట్లోంచి ఒక స్టీలు పళ్లెం తెచ్చి కాగితం మీద బోర్లించి చుట్టూ గీయండి. కేంద్రం ఎక్కడో మీకు తెలియదు. జామెట్రీ బాక్సులోని మూలమట్టం తీసుకుని దాని లంబకోణం మూలను వృత్తం మీద ఆనించండి. రెండు అంచులు వృత్తాన్ని ఎక్కడ దాటుతున్నాయో గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తులనూ స్కేలుతో కలపండి. అది వ్యాసం. మూలమట్టాన్ని ఇంకోచోటికి జరిపి ఇంకో వ్యాసం గీయండి. రెండూ కలిసిన చోటే కేంద్రం. పళ్లెం మరీ పెద్దదైతే మూలమట్టం అంచులు అవతలికి చేరవు, స్కేలు ఆనించి పొడిగించుకోవాలి. టిఫిన్ ప్లేటుతో చేస్తే హాయి.

నాలుగు శీర్షాలూ ఒకే వృత్తం మీదుంటే అది చక్రీయ చతుర్భుజం. ఎదురెదురు కోణాల నోళ్లలో పడే చాపాలు రెండూ కలిస్తే వృత్తం పూర్తవుతుంది. కేంద్రం దగ్గర మొత్తం 360°, సగం 180°. కాబట్టి ఎదురు కోణాల మొత్తం 180°.

ఇక్కడే ఒక ఉచ్చుంది. వృత్తం మీద క, గ, చ, వాటితో కేంద్రం ఓ కలిపి ఓకగచ చతుర్భుజం ఇస్తారు. గ అల్ప చాపం మీద ఉంది, ∠కఓచ 110°. పిల్లలు చటుక్కున "ఎదురు కోణాలు కదా" అని 180 − 110 = 70° రాస్తారు. ఓ వృత్తం మీద లేదు! నాలుగు శీర్షాల మీదా వేలు పెట్టి ఒక్కొక్కటీ వృత్తం మీద ఉందో లేదో చూడండి. గ నోట్లో పడేది అధిక చాపం. 360 − 110 = 250, సగం 125°. అదీ జవాబు.

ఐదో అడుగు: స్పర్శరేఖ

వృత్తాన్ని ఒక్కచోటే తాకే గీత స్పర్శరేఖ. తాకిన చోటుకు గీసిన వ్యాసార్థం దానికి లంబం. కారణం తేలికే. స్పర్శరేఖ మీద మిగిలిన బిందువులన్నీ వృత్తం బయట ఉన్నాయి, అంటే కేంద్రానికి ఇంకా దూరం. కేంద్రానికి అన్నింటికన్నా దగ్గర తాకిన బిందువే. బిందువు నుంచి గీతకు అతి దగ్గర దారి లంబమే కదా.

వృత్తం బయట ప అనే బిందువు నుంచి క, గ దగ్గర తాకే రెండు స్పర్శరేఖలు గీయండి. ఓక, ఓగ, ఓప కలపండి. మళ్లీ లంబకోణం-కర్ణం-భుజం. పక, పగ సమానం. వ్యాసార్థం 5, ఓప 13 అయితే స్పర్శరేఖ పొడవు 12. ఇంకోటి గమనించండి: క దగ్గర 90, గ దగ్గర 90 పోగా, ప కోణం, ఓ కోణం కలిపి 180. ప దగ్గర 50° ఉంటే ∠కఓగ 130°.

ఇందాక ఓ ఉన్న చతుర్భుజం చక్రీయం కాదన్నాను, ఇక్కడ ఓకపగ లో ఎదురు కోణాల మొత్తం 180 వచ్చిందే అని ఎవరైనా అడిగితే సంతోషిస్తాను. ఇది నిజంగానే చక్రీయం. కాకపోతే వేరే వృత్తం మీద, ఓప వ్యాసంగా గీసిన వృత్తం మీద. బయటి బిందువు నుంచి స్పర్శరేఖలు గీసే నిర్మాణంలో ఓప ను సమద్విఖండన చేసి, ఆ మధ్యబిందువు కేంద్రంగా వృత్తం గీయమనేది ఇందుకే. రెండు వృత్తాలు ఖండించుకున్న చోట అర్ధవృత్తంలో కోణం 90° వస్తుంది, వ్యాసార్థానికి లంబం దొరుకుతుంది.

స్పర్శరేఖకు, తాకిన బిందువు నుంచి బయల్దేరిన జ్యాకు మధ్య కోణం ఎంత? క దగ్గర స్పర్శరేఖ, కగ జ్యా, వాటి మధ్య 40° అనుకోండి. ఓక స్పర్శరేఖకు లంబం కాబట్టి ∠ఓకగ 50°. ఓకగ సమద్విబాహు త్రిభుజం, గ దగ్గరా 50°. ఓ దగ్గర మిగిలింది 80°. దాంట్లో సగం, అంటే అవతలి వృత్తఖండంలో కోణం 40°. మళ్లీ మనం మొదలుపెట్టిన 40 వచ్చింది. దీన్నే ఏకాంతర వృత్తఖండ సిద్ధాంతం అంటారు.

ఆరో అడుగు: జ్యాలు ఖండించుకుంటే, పగిలిన గాజు దొరికితే

కగ, చట అనే రెండు జ్యాలు వృత్తం లోపల ప దగ్గర ఖండించుకున్నాయి. కచ, గట కలపండి. క దగ్గరి కోణం, ట దగ్గరి కోణం రెండింటి నోట్లోనూ గచ చాపమే, అవి సమానం. ప దగ్గర శీర్షాభిముఖ కోణాలు సమానం. పకచ, పటగ సరూప త్రిభుజాలు. భుజాల నిష్పత్తి రాసి అడ్డగుణకారం చేస్తే పక × పగ = పచ × పట. ఒక జ్యా ముక్కలు 4, 6 అయితే రెండోదాని ముక్క ఒకటి 3 అన్నప్పుడు మిగిలింది 8.

ఒక జ్యా వ్యాసమై, రెండోదానికి లంబంగా ఉంటే? లంబం సమద్విఖండన చేస్తుంది కాబట్టి, సగం జ్యా వర్గం = శరం × వ్యాసంలో మిగిలిన భాగం. ఆర్యభటుడు చెప్పింది సరిగ్గా ఇదే.

మొన్న మా ఇంట్లో ఒక గాజు పగిలింది. ముక్క ఒకటే మిగిలింది, సైజు గుర్తులేదు. ముక్క లోపలి అంచు వెంట పెన్సిల్‌తో కాగితం మీద గీశాం. రెండు చివరలూ స్కేలుతో కలిపితే జ్యా 48 మి.మీ. దాని నడిమి నుంచి వంపు దాకా శరం 12 మి.మీ. సగం జ్యా 24, వర్గం 576. 576ను 12తో భాగిస్తే 48. వ్యాసం 12 + 48 = 60 మి.మీ. గాజుల కొట్లో "రెండు ఆరు" అంటే రెండు అంగుళాల మీద పదహారో వంతులు ఆరు, అంటే సుమారు 60.3 మి.మీ. మనది రెండు ఆరు!

అయితే జాగ్రత్త. శరం 12కు బదులు 11 అని కొలిచి ఉంటే వ్యాసం 63.4 వచ్చేది, అది "రెండు ఎనిమిది" సైజు. ఒక్క మిల్లీమీటరుకు సైజు మారిపోతుంది. అందుకే దొరికినవాటిలో పెద్ద ముక్క తీసుకోవాలి.

ఏడో అడుగు: ఒక లెక్క మొదటి నుంచి చివరి దాకా

కగచట చక్రీయ చతుర్భుజం. కగ వ్యాసం. ∠కటచ = 130°. చ దగ్గర గీసిన స్పర్శరేఖ, పొడిగించిన కగ ను ప దగ్గర కలిసింది. ∠చపగ ఎంత?

ముందు బొమ్మ పెద్దగా గీసి తెలిసినవి రాసుకోవాలి. వ్యాసం ఉంది, అంటే ఎక్కడో 90° దాక్కుని ఉంది: కచ కలిపితే ∠కచగ = 90°. చక్రీయ చతుర్భుజం ఉంది: ట ఎదురు గ, కాబట్టి ∠కగచ = 180 − 130 = 50°. కగచ త్రిభుజంలో మిగిలిన ∠గకచ = 40°. స్పర్శరేఖ ఉంది, అంటే ఓచ కలపాలి: ∠ఓచప = 90°. ఇక రెట్టింపు: క దగ్గర 40° కాబట్టి ∠గఓచ = 80°. ఓచప త్రిభుజంలో 180 − 90 − 80 = 10°.

సరి చూద్దాం, ఇంకో దారిలో. స్పర్శరేఖకు, చగ జ్యాకు మధ్య కోణం ∠గచప, క దగ్గరి కోణానికి సమానం, 40°. ∠చగప = 180 − 50 = 130°. గచప త్రిభుజంలో మిగిలింది 10°. రెండు దార్లూ ఒకేచోటికి చేరాయి.

పరీక్షలో రాసేటప్పుడు ప్రతి మెట్టు పక్కన కారణం రాయండి: "అర్ధవృత్తంలోని కోణం", "చక్రీయ చతుర్భుజంలో ఎదురు కోణాలు" అని నాలుగు మాటలు చాలు. సిద్ధాంతం నిరూపించమంటే దత్తాంశం, నిరూపించాల్సినది, నిర్మాణం, నిరూపణ వరసగా. నిర్మాణం దగ్గర "ఓచ కలపండి" అని రాయడం మర్చిపోయి నేరుగా త్రిభుజంలోకి దూకేవాళ్లు ఎక్కువ. బొమ్మలో గీత కనబడితే సరిపోదు, రాతలోనూ ఉండాలి.

మీరే చేయడానికి రెండు. ఒకటి: వ్యాసార్థమంత పొడవున్న జ్యా అధిక చాపం మీద, అల్ప చాపం మీద ఎంతెంత కోణం చేస్తుంది? రెండు: ప నుంచి వృత్తానికి గీసిన స్పర్శరేఖల మధ్య కోణం 80°, అవి క, గ దగ్గర తాకాయి, అధిక చాపం మీది చ దగ్గర ∠కచగ ఎంత? మొదటిదానికి 30°, 150° రావాలి. రెండోదానికి 50°. రాకపోతే ఓక, ఓగ గీశారో లేదో చూసుకోండి.